మన ఎంపీ సభలో ఏం చేశాడో చూడాలంటే: సంసద్ వెబ్‌సైట్ రివ్యూ, సిక్కోలు–విజయనగరం వాళ్ల కోసం

రేటింగ్: 5కి 3.5
ఖర్చు: ఏమీ లేదు. లాగిన్ అక్కర్లేదు, ఫోన్ నంబరు అడగదు.
ఎవరికి పనికొస్తుంది: విలేకరులకి, పొలిటికల్ సైన్స్ చదివేవాళ్లకి, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకి, ఊళ్లో వాదనకి రుజువు కావాల్సినవాళ్లకి.

ఎన్నికలొస్తే ఏడు రోడ్ల జంక్షన్లోనైనా, గంటస్తంభం దగ్గరైనా ఒకటే పంచాయితీ: "మనోడు ఢిల్లీలో నోరు విప్పాడా లేదా?" టీవీలో కనబడ్డవాడు పనిచేసినట్టు, కనబడనివాడు నిద్రపోయినట్టు లెక్క. సభ మధ్యలోకి దూసుకెళ్లి ప్లకార్డు పట్టుకున్నవాడికి క్లిప్పింగ్ దొరుకుతుంది. కమిటీ గదిలో కూర్చుని నివేదికలో నాలుగు వాక్యాలు మార్పించినవాడికి ఏ క్లిప్పింగూ ఉండదు. అట్లాంటి నెమ్మదస్తుల రాజకీయ జీవితం చూడాలంటే పార్లమెంటు వాళ్ల ఈ సైటే దిక్కు. సరుకు బోలెడుంది, అమరిక మాత్రం బాగాలేదు. ఎక్కడ ఏం దొరుకుతుందో తెలియకుండా దిగితే తప్పుడు లెక్కతో బయటికొస్తారు.

ముందు లోక్‌సభ నంబరు తెలియాలి

సైట్లో దేన్ని వెతకాలన్నా మొదట అడిగేది ఎన్నో లోక్‌సభ అని. సంవత్సరం కొడితే సరిపోదు. 1996లో ఏర్పడ్డది 11వది, 1998లో 12, 1999లో 13, 2004లో 14, 2009లో 15, 2014లో 16, 2019లో 17, 2024లో 18. శ్రీకాకుళం ఎంపీగా చేసిన కింజరాపు ఎర్రన్నాయుడు గారి కోసం 11 నుంచి 14 దాకా నాలుగూ విడివిడిగా తిరగెయ్యాలి. అదే స్థానంలో ఆయన కొడుకు రామ్మోహన్ నాయుడుకి 16, 17, 18. విజయనగరం ఎంపీగా చేసిన అశోక్ గజపతిరాజు గారిది 16 ఒక్కటే. ఏడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచినాయన లోక్‌సభలో ఉన్నది ఒక్క టర్మే.

ఇక నియోజకవర్గం పేరుతో వెతికితే విజయనగరం జిల్లా వాళ్లు బోర్లా పడతారు. విజయనగరం లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనతో వచ్చింది, మొదటి ఎన్నిక 2009లో. అంతకుముందు బొబ్బిలి. 1999లో బొత్స సత్యనారాయణ గెలిచింది బొబ్బిలి నుంచి. బొత్స ఝాన్సీ పేరు 14వ లోక్‌సభలో బొబ్బిలి కింద (2006 ఉపఎన్నిక), 15వ లోక్‌సభలో విజయనగరం కింద కనబడుతుంది. మనిషి ఒకరే, స్థానం పేరు మారింది. పార్వతీపురం లోక్‌సభ కూడా అప్పుడే పోయి అరకు వచ్చింది. ఎచ్చెర్ల జనం ఇంకోటి గుర్తుంచుకోవాలి: జిల్లా శ్రీకాకుళమే అయినా మీ ఎంపీ విజయనగరం ఎంపీ.

పేరు స్పెల్లింగ్ మరో తలనొప్పి. సైటు ఇంగ్లిష్, హిందీల్లోనే నడుస్తుంది, తెలుగులో టైపు చేస్తే ఏమీ రాదు. ఎర్రన్నాయుడు అని ఇంగ్లిష్‌లో కొట్టేటప్పుడు ఎర్రన్‌కీ నాయుడుకీ మధ్య ఖాళీ ఉంటే ఒక ఫలితం, లేకపోతే ఇంకో ఫలితం. పేరు టైపు చెయ్యడం మానేసి, సభ్యుల జాబితా తెరిచి అందులోంచి పేరు నొక్కండి. ఆ పేరుకి ఏ ప్రశ్నలు తగిలించారో అవన్నీ అక్కడే వస్తాయి.

ప్రశ్నల విభాగం: సైట్లో బెస్టు, మోసపోయేదీ ఇక్కడే

ఎంపీ అడిగిన ప్రశ్న, దానికి మంత్రి ఇచ్చిన జవాబు పీడీఎఫ్‌గా దొరుకుతాయి. మంత్రిత్వ శాఖ, తేదీ, ప్రశ్న రకం పెట్టి వడకట్టుకోవచ్చు. జవాబుల్లో జిల్లావారీ పట్టికలు ఉంటాయి, వాటి కోసమైనా తెరవొచ్చు. మన ప్రాంతం మీద చూడాలంటే ఉద్దానం కిడ్నీ జబ్బు, వంశధార, కొవ్వాడ అణు కేంద్రం, పలాస–ఇచ్ఛాపురం రైల్వే లైను ఏ డివిజన్ కింద ఉండాలన్న గొడవ, ఇవన్నీ మంచి వెతుకుడు మాటలు.

వెతికేటప్పుడు రెండు మెలికలున్నాయి. రైలు హాల్టు మీద ప్రశ్న కావాలంటే శ్రీకాకుళం అని ఆగకుండా శ్రీకాకుళం రోడ్ అని కూడా కొట్టండి. ఆమదాలవలసలో ఉన్న స్టేషను రైల్వే కాగితాల్లో ఆ పేరుతోనే ఉంటుంది. రెండోది శాఖల పేర్లు. ఉద్దానంలో జబ్బు ఆరోగ్య శాఖది, మంచినీళ్లు జలశక్తి శాఖది. ఆ జలశక్తి శాఖ 2019 మేలో పుట్టింది. అంతకుముందు సంవత్సరాల్లో అదే నీళ్ల ప్రశ్న తాగునీరు–పారిశుద్ధ్యం శాఖ కింద ఉంటుంది. శాఖ పేరు మార్చకుండా వెతికి "ఎవడూ అడగలేదు" అని రాసేసే విలేకరులు ఉన్నారు. ఉద్దానానికి ఇంగ్లిష్‌లో డి తర్వాత హెచ్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి కొట్టండి.

ఇప్పుడు లెక్కల సంగతి. రోజుకి నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి) 20, గుర్తు లేనివి (కాగితం మీద జవాబిచ్చేవి) 230. ఎవరి ప్రశ్న ముందుకొస్తుందో లాటరీ తేలుస్తుంది. ఒక సభ్యుడు ఒక రోజుకి ఇవ్వగలిగిన నోటీసులు అయిదు, కనీసం 15 పూర్తి రోజుల ముందు ఇవ్వాలి. అందుకని "మా ఎంపీవి నక్షత్ర గుర్తు ప్రశ్నలు ఎక్కువ" అంటే సగం అదృష్టం. ఆ 20లోనూ ప్రశ్నోత్తరాల గంటలో నోటితో జవాబు దాకా వచ్చేవి కొన్నే, మిగతావి కాగితం మీద జవాబులే.

ఒకే విషయం మీద నలుగురైదుగురు అడిగితే లోక్‌సభ సెక్రటేరియట్ అన్నీ కలిపి ఒక్క ప్రశ్న చేస్తుంది. పీడీఎఫ్ పైన పేర్లన్నీ వరసగా ఉంటాయి, ప్రతి ఒక్కరి ఖాతాలోనూ అది ఒకటిగా పడుతుంది. సైట్లో 300 కనబడితే మూడొందల సొంత ప్రశ్నలు అనుకోవద్దు. కనీసం ఒక ఇరవై తెరిచి, ఎన్నింటిలో ఒక్కడి పేరే ఉందో, ఎన్నింటిలో మన జిల్లా ప్రస్తావన ఉందో చూడండి. పీడీఎఫ్‌లో ఏ, బీ, సీ, డీ అని భాగాలుంటాయి. దేశం మొత్తం మీద అడిగి చివరి భాగంలో "ఆంధ్రప్రదేశ్‌తో సహా" అని తగిలించినది ఒక రకం. ఫలానా మండలం, ఫలానా పని, ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది అని అడిగినది ఇంకో రకం. నెమ్మదైన సభ్యుడి పనితనం ఈ రెండో రకంలోనే తెలుస్తుంది. అక్కడ అధికారులు తప్పించుకోవడానికి సందు ఉండదు.

జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఉంటే చాలామంది పీడీఎఫ్ మూసేస్తారు. అసలు ఆట అక్కడే మొదలు. ఆ మాటని సభ హామీగా లెక్కేస్తుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. తర్వాత వచ్చిన సమాచారం మొదటి పీడీఎఫ్‌లో అతికించరు, సభకి సమర్పించిన పత్రాల్లో వెతుక్కోవాలి. సైటుకి నేను కోసిన మార్కుల్లో పెద్ద వాటా దీనిదే. ప్రశ్న పక్కనే "హామీ నెరవేరింది" అని ఒక లింకు పెట్టడానికి ఏం రోగం?

ఉప ప్రశ్నలది కూడా ఇదే తంతు. నక్షత్ర గుర్తు ప్రశ్న మీద ఎంపీ నిలబడి మంత్రిని అడిగిన ఉప ప్రశ్న ఆ పీడీఎఫ్‌లో ఉండదు. ఆ రోజు సభా చర్చల ప్రతిలో ప్రశ్నోత్తరాల గంట తెరవాలి. మంత్రి కాగితం పక్కన పెట్టి నోటితో ఒప్పుకునే మాట ఏదైనా ఉంటే అక్కడే ఉంటుంది.

మంత్రి అయితే సైట్లో మనిషి మాయం

16వ లోక్‌సభని తీసుకోండి. పక్కపక్క జిల్లాలు, ఒకే పార్టీ, ఇద్దరు ఎంపీలు. రామ్మోహన్ నాయుడు పేరు మీద ప్రశ్నలు వరసగా వస్తాయి. అశోక్ గజపతిరాజు గారి పేరు మీద ఖాళీ. దీన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో తిప్పితే ఎంత అన్యాయమో చూడండి. ఆయన 2014 మే నుంచి 2018 మార్చి దాకా పౌర విమానయాన మంత్రి. మంత్రి ప్రశ్నలు అడగడు, జవాబు చెబుతాడు. 2016 జూన్‌లో వచ్చిన జాతీయ పౌర విమానయాన విధానం, ఆ తర్వాత గంట ప్రయాణానికి 2,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టిన ఉడాన్ పథకం, వాటి మీద సభలో జరిగిన వాదనలు కావాలంటే పేరుతో కాదు, పౌర విమానయాన శాఖ పెట్టి వెతకాలి. జవాబు పైన మంత్రి పేరు బ్రాకెట్లో ఉంటుంది.

హాజరు కూడా అంతే. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు. ఎంపీల పనితీరు లెక్కలు కట్టే పీఆర్ఎస్ లాంటి సంస్థల పట్టికల్లో మంత్రిగా ఉన్న కాలానికి లెక్క ఉండదు. రాజు గారికి ఏదైనా శాతం కనబడితే అది పదవి వదిలాక మిగిలిన చివరి ఏడాదిది. సభ్యులకైనా సంతకం అంటే ఆ రోజు వచ్చారని మాత్రమే. పది నిమిషాలున్నారా, రాత్రి దాకా కూర్చున్నారా అనేది అందులో తెలియదు.

2024 జూన్ నుంచి అదే శాఖ రామ్మోహన్ నాయుడు చేతికొచ్చింది కాబట్టి ఇప్పుడు బొమ్మ తిరగబడింది. 18వ లోక్‌సభలో ఆయన ప్రశ్నల ఖాతా ఆగిపోయింది. విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారి ఖాతాయే నడుస్తుంది. పోలిస్తే మళ్లీ అదే తప్పు. ఈసారి చూడాల్సింది బిల్లుల విభాగం. ఆయన శాఖ తెచ్చిన విమానయాన బిల్లు, భారతీయ వాయుయాన్ విధేయక్, 2024 జూలై 31న లోక్‌సభలో పెట్టారు, ఆగస్టు 9న అక్కడ, డిసెంబరు 5న రాజ్యసభలో ఆమోదం పొందింది, 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రవేశపెట్టిన బిల్లు, ఆమోదించిన బిల్లు రెండు పీడీఎఫ్‌లూ ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

ఎర్రన్నాయుడు గారి విషయంలో 11వ లోక్‌సభ ఇట్లాంటిదే. 1996–98 మధ్య దేవెగౌడ, గుజ్రాల్ ప్రభుత్వాల్లో ఆయన కేంద్ర మంత్రి. అప్పట్లో ఆ శాఖ పేరు గ్రామీణ ప్రాంతాలు, ఉపాధి. గ్రామీణాభివృద్ధి అని వెతికి ఏమీ దొరక్కపోతే కారణం అదే.

చర్చల ప్రతులు

రోజువారీ చర్చల్ని మొదట దిద్దని ప్రతిగా పెడతారు, తర్వాత దిద్దినది వస్తుంది. ఏదైనా ఉటంకించాలంటే దిద్దిన ప్రతి కోసం ఆగండి. తెలుగులో మాట్లాడిన ప్రసంగం దగ్గర నక్షత్రం పెట్టి, అడుగున "తెలుగులో చేసిన ప్రసంగానికి ఇంగ్లిష్ అనువాదం" అని చిన్న అక్షరాల్లో రాస్తారు. అసలు తెలుగు మాట కావాలంటే వీడియోనే గతి. సామెతలు, చమత్కారాలు అనువాదంలో చప్పబడిపోతాయి కాబట్టి, ఉప్పూకారం తెలియాలంటే వీడియో వినడమే మేలు.

సభ్యుడి పేరు కింద చర్చల జాబితా చూసి "ఇన్నిసార్లు మాట్లాడాడు" అనుకోకండి. నొక్కి చూస్తే కొన్ని రెండు పంక్తులే. శూన్య గంటలో (జీరో అవర్‌లో) ఇంకొకరు లేవనెత్తిన విషయానికి "ఫలానా ఫలానా వారు కూడా జతకలవడానికి అనుమతి" అని పేర్ల వరస ఉంటుంది, అది ప్రసంగం కాదు. గొడవ జరిగిన చోట మూడు చుక్కలు, బ్రాకెట్లో "ఇంటరప్షన్స్" అని పడుతుంది. మనం చూస్తున్న సభ్యుడి పేరు చుట్టూ ఈ చుక్కలెన్ని, పూర్తి పేరాలెన్ని అనేది ఒక పది పేజీలు తిప్పితే తెలిసిపోతుంది. నెమ్మదస్తుడు ఎవరో, మైకు కోసమే లేచేది ఎవరో పట్టుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు. 377 నిబంధన కింద ఇచ్చిన నోటీసులు కూడా చదవండి. అవి ముందే రాసిచ్చే పాఠాలు, నియోజకవర్గం సమస్య మీదే ఉంటాయి, రోజుకి 20 మందికే అవకాశం.

పాత రోజులకి వెళ్తే డిజిటల్ లైబ్రరీ ఉంది, 1952 నుంచి చర్చలున్నాయి. శ్రీకాకుళం నుంచి ఆరుసార్లు గెలిచిన బొడ్డేపల్లి రాజగోపాలరావు గారి కాలం అంతా అందులోనే. వంశధార ప్రాజెక్టుకి పెట్టిన పేరు ఆయనదే. అయితే అవి స్కాన్ చేసిన పుటలు, అక్షరాలు సరిగ్గా గుర్తుపట్టదు, పేరుతో వెతికితే సగం తప్పిపోతాయి. తేదీ తెలిస్తే తేదీతోనే వెళ్లండి. ఫైళ్లు బరువు. ఫోన్లో తెరిస్తే పేజీ పేజీకి సాగదీసి చూడాలి, కంప్యూటర్ ఉంటే అందులో చూడండి.

కమిటీ నివేదికలు: ఎవరూ తెరవని గది

శాఖలవారీ స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు) 24. ఒక్కోదాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకి చోటు లేదు. సమావేశాలు తలుపులేసుకుని జరుగుతాయి, టీవీ ఉండదు. కెమెరా లేదు కాబట్టి నటన తక్కువ, పార్టీ గీతలు కూడా పలచబడతాయి. నెమ్మదైన నాయకుడు వెలిగేది ఇక్కడ.

నివేదిక తెరిచి నేరుగా చివరికి పోండి. అనుబంధాల్లో సమావేశాల మినిట్స్ ఉంటాయి, ఏ రోజు ఎవరొచ్చారో పేర్లతో సహా. సభ హాజరు కంటే ఈ హాజరు ఎన్నో రెట్లు నిజం చెబుతుంది. అసమ్మతి పత్రం ఎవరైనా ఇస్తే అది కూడా వెనకే జతచేస్తారు. తర్వాత "చర్యల నివేదిక" అని ఇంకోటి వస్తుంది, సిఫార్సుల్లో ప్రభుత్వం ఏవి ఒప్పుకుంది, ఏవి తోసేసింది అని. ఈ రెండూ జంటగా చదవకపోతే ప్రయోజనం లేదు.

చిక్కు ఏంటంటే, 24లో 16 సంఘాలు లోక్‌సభ వైపు, 8 రాజ్యసభ వైపు ఉంటాయి. మన ఎంపీ లోక్‌సభ సభ్యుడే అయినా ఆయన ఉన్న కమిటీ రాజ్యసభ కింద ఉంటే నివేదిక అటు వెళ్లి వెతకాలి. సైటు ఈ ముక్క ఎక్కడా చెప్పదు.

దొరకనివి

జీవిత వివరాల పేజీ సభ్యులు ఇచ్చిన సమాచారం మీద ఆధారపడి తయారైంది. పదవులు, కమిటీలు, తేదీల వరకు బాగానే ఉంటుంది. ఓటములు మాత్రం కనబడవు. అశోక్ గజపతిరాజు గారు 2004లో విజయనగరం అసెంబ్లీ స్థానంలో కోలగట్ల వీరభద్రస్వామి మీద ఓడిపోవడం గానీ, ఎర్రన్నాయుడు గారు 2009లో కిల్లి కృపారాణి మీద ఓడిపోవడం గానీ ఎన్నికల సంఘం ఫలితాల పీడీఎఫ్‌లలో చూసుకోవాలి. రాజకీయ జీవితంలో ఓటమి తర్వాత మనిషి ఏం చేశాడన్నది పెద్ద ముక్క, ఈ సైటు దాన్ని మింగేస్తుంది.

అసెంబ్లీ కాలం ఇందులో ఒకటి రెండు పంక్తులే. ఎర్రన్నాయుడు గారు హరిశ్చంద్రపురం నుంచి నాలుగుసార్లు, రాజు గారు 1978లో జనతా పార్టీ తరఫున మొదలుపెట్టి ఏడుసార్లు గెలిచారు. ఆ కాలం మొత్తం హైదరాబాదు అసెంబ్లీ చర్చల సంపుటాల్లో ఉంది. హరిశ్చంద్రపురం నియోజకవర్గమే 2009 నుంచి లేదు, కొత్త జాబితాల్లో వెతికితే శూన్యం.

ఆస్తులు, కేసులు కూడా ఈ సైటు పరిధి కాదు. అవి ఎన్నికల సంఘం అఫిడవిట్ పేజీలో, ఫారం 26 రూపంలో. సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత వచ్చిన నిబంధన కాబట్టి మనకి 2004 ఎన్నికల నుంచే దొరుకుతాయి. అయిదేళ్ల ఆదాయం రాయాలన్న నిబంధన 2019లో చేరింది, అందుకని 2014 అఫిడవిట్‌తో ఆ గడిని పోల్చడం కుదరదు.

ఎంపీ నిధులకీ వేరే పోర్టల్. ఏడాదికి 5 కోట్లు, 2011–12 నుంచి ఇదే మొత్తం. 2020–21కి కోవిడ్ పేరుతో ఆపేశారు, 2021–22లో 2 కోట్లే ఇచ్చారు. ఆ రెండేళ్ల ఖర్చు తక్కువుందని ఎంపీని తిట్టక్కర్లేదు. సిఫార్సు చేసిన మొత్తం, మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం మూడూ వేర్వేరు గడులు. కరపత్రాల్లో వేసేది మొదటిది, రోడ్డు మీద కనబడేది మూడోది. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తాడు, మంజూరు, పని జిల్లా యంత్రాంగానివి. 15 శాతం ఎస్సీ ప్రాంతాలకి, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకి వెళ్లాలి. సీతంపేట, మెళియాపుట్టి వైపు వాళ్లు ఈ రెండో లెక్క తప్పకుండా అడగాలి.

వాడే ముందు ఒక జాగ్రత్త

పాత లోక్‌సభ సైటు లింకులు, పాత లైబ్రరీ లింకులు చాలావరకు ఇప్పుడు చచ్చిపోయాయి. వ్యాసాల్లో అడుగున ఇచ్చిన లింకు నొక్కితే ఖాళీ పేజీ వస్తుంది. కాబట్టి లింకు దాచుకుని ఊరుకోకండి. పీడీఎఫ్ దించుకుని, ఫైలు పేరులోనే లోక్‌సభ నంబరు, సమావేశం (సెషన్) నంబరు, తేదీ, ప్రశ్న నంబరు, నక్షత్ర గుర్తు ఉందో లేదో రాసుకోండి. ప్రశ్న నంబర్లు ప్రతి సమావేశానికీ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, సమావేశం నంబరు లేకుండా ఉత్త ప్రశ్న నంబరు రాసుకుంటే తర్వాత దేవుడు కూడా వెతికి పెట్టలేడు.